యంత్రం చెప్పిన అంకె పుస్తకంలోకి చేరే దారి

(సత్యవేడులో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశం అనగానే మేత గురించో, దూడల పోషణ గురించో, గాలికుంటు టీకాల గురించో చెబుతారని మీరు అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పగల పశువైద్యులు ఉన్నారు. నేను పాలు పరీక్షించే యంత్రాలను బాగుచేసేవాణ్ణి. కాబట్టి ఈరోజు నేను మాట్లాడబోయేది ఒక తీగ గురించి. మీ కేంద్రంలో పాలు తూచే కాటా వెనుక నుంచి ఒకటి, వెన్న శాతం చూసే పరికరం వెనుక నుంచి ఒకటి, సన్నటి నల్లతీగలు కంప్యూటరులోకి పోతుంటాయి. మీలో చాలామంది వాటిని చూసే ఉంటారు, కాని వాటి సంగతి ఎవరూ అడిగి ఉండరు. మీ పది రోజుల బిల్లు మొత్తం ఆ తీగల మీదుగానే వస్తుంది. అందుచేత అవి ఏం చేస్తాయో, ఏం చేయలేవో పాలు పోసేవారికి తెలిసి ఉండాలి.

అంకె ఎన్ని చేతులు మారేది?

పాత పద్ధతి ఒకసారి గుర్తుచేసుకుందాం. స్విట్జర్లాండు దేశస్థుడు నిక్లాస్ గెర్బర్ 1890ల మొదట్లో కనిపెట్టిన పద్ధతి అది. మన దేశంలో ఐ.ఎస్. 1224 అనే ప్రమాణంలో దాని వివరాలు ఉన్నాయి. గాజు గొట్టంలో, అనగా బ్యుటిరోమీటరులో, 10 మిల్లీలీటర్ల గంధకామ్లం పోయాలి. దానిమీద 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోయాలి. బిరడా బిగించి, బాగా కలిపి, నిమిషానికి 1100 చుట్లు తిరిగే యంత్రంలో నాలుగైదు నిమిషాలు తిప్పాలి. ఆ తర్వాత వేడినీళ్లలో ఉంచి తీస్తే వెన్న పైకి తేలి గొట్టం మెడలో నిలుస్తుంది. ఆ మెడమీద గీతలు ఉంటాయి. వెన్న ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో చూసి శాతం చెప్పాలి.

ఇంతవరకు శాస్త్రం. తర్వాత జరిగేది మనుషుల పని. టెస్టరు గొట్టాన్ని కంటికి ఎదురుగా పట్టుకొని చదువుతాడు. పక్కనున్నవారికి గట్టిగా చెబుతాడు. ఆయన దాన్ని శాంపిల్ రిజిస్టరులో రాస్తాడు. రిజిస్టరునుంచి సభ్యుని ఖాతాకు ఎక్కిస్తారు. రేట్ల పట్టిక చూసి, లీటర్లతో గుణించి డబ్బు వేస్తారు. చివరకు పాస్‌బుక్కులో రాస్తారు. గీత చదివినప్పటినుంచి డబ్బు చేతికి వచ్చేదాకా ఆ అంకె ఐదారుసార్లు చేతులు మారేది. ప్రతి చేతిలోనూ పొరపాటుకు చోటుంది. 6.2 అని చెబితే 6.0 అని వినిపించవచ్చు. 1 ని 7 అనుకోవచ్చు. ఒకరి వరుసలో రాయవలసింది పక్కవారి వరుసలో పడవచ్చు. అందరూ మంచివారే అయినా పొరపాటు జరుగుతుంది. ఒకరు మంచివారు కాకపోతే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

తర్వాత మిల్కో టెస్టరు వచ్చింది. పాలలో మందునీళ్లు కలిపి, వెలుతురు పంపి, ఆ వెలుతురు ఎంత చెదిరిందో చూసి వెన్న శాతాన్ని అంకెల్లో చూపించేది. ఆమ్లంతో పని తప్పింది, అర నిమిషంలో ఫలితం వచ్చేది. అయినా ఆ అంకెను చూసి రాసేది మనిషే. యంత్రం సరిగా చెప్పినా, పుస్తకంలోకి వచ్చేసరికి పాత కథే.

1990లలో గుజరాత్ పాల సంఘాలలో ఒక మార్పు వచ్చింది. ఎలక్ట్రానిక్ కాటాను, వెన్న పరీక్ష పరికరాన్ని కంప్యూటరుకు తీగలతో కలిపారు. బరువు, వెన్న నేరుగా కంప్యూటరులోకి వెళ్లి, రేటు లెక్క అక్కడికక్కడే పడి, సభ్యుని చేతికి చీటీ రావడం మొదలైంది. తరువాతి కాలంలో ఆ పద్ధతి దేశమంతా వ్యాపించింది. 2020 డిసెంబరులో అప్పటి మన చిత్తూరు జిల్లాతో పాటు కడప, ప్రకాశం జిల్లాలలో అమూల్ పాలసేకరణ మొదలైనప్పుడు కూడా ఇటువంటి పరికరాలతోనే మొదలైంది. ఇప్పుడు సహకార కేంద్రాలలోనూ, ప్రైవేటు కేంద్రాలలోనూ చాలాచోట్ల ఈ తీగ కనిపిస్తుంది.

తీగలో ఏం జరుగుతుంది?

ఈ తీగ పద్ధతిని సీరియల్ అంటారు. సీరియల్ అంటే వరుస అని అర్థం. పాల కేంద్రం ముందు మీరంతా ఒకరి వెనుక ఒకరు నిలబడినట్లే, అంకెలు కూడా తీగలో ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. దీనికి అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1960లో ఒక ప్రమాణం ఏర్పాటు చేసింది. 1969లో దాన్ని సవరించి ఆర్.ఎస్. 232 సి అన్నారు. టెలిప్రింటర్ల కాలంలో పుట్టిన పద్ధతి, ఇంత పాతదైనా ఈరోజుకీ కాటాలలో, పాల పరికరాలలో, ఫ్యాక్టరీ యంత్రాలలో నడుస్తోంది. కారణం ఒకటే. అది చాలా సులువైనది, చవకైనది. మూడు తీగలుంటే చాలు: పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి, రెండింటికీ ఉమ్మడిగా నేల తీగ ఒకటి. మీ ఇళ్లలో శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పనికి పోయే పిల్లలు ఉంటే అడిగి చూడండి. యంత్రాలు ఒకదానితో ఒకటి ఇట్లా మాట్లాడుకోవడం వాళ్లలో కొందరికి తెలిసే ఉంటుంది.

తీగకు అక్షరాలు తెలియవు, అంకెలు తెలియవు. దానికి తెలిసింది రెండే స్థితులు. ఒకటి ధన విద్యుత్తు, రెండోది ఋణ విద్యుత్తు. ఒకదాన్ని సున్నా అనీ, మరొకదాన్ని ఒకటి అనీ పెట్టుకున్నారు. ఇటువంటి ఎనిమిది గుర్తులు వరుసగా వస్తే ఒక అక్షరమో, ఒక అంకో అవుతుంది. ఏ అంకెకు ఏ గుర్తులో ముందుగానే నిర్ణయించారు. 5 అనే అంకెకు సంకేతం 53, 6 అనే అంకెకు 54, మధ్యలో పెట్టే చుక్కకు 46. మీ ఎనుము పాలు 6.5 శాతం అయితే, పరికరం 54, 46, 53 అని మూడు సంకేతాలు పంపుతుంది. ప్రతిదానికి ముందు 'మొదలు' అని ఒక గుర్తు, వెనుక 'అయింది' అని ఒక గుర్తు. మొత్తం పది గుర్తులు. సాధారణంగా మన పరికరాలు సెకనుకు 9600 గుర్తుల వేగంతో పంపుతాయి. అంటే సెకనుకు 960 అక్షరాలు. మీరు కన్ను ఆర్పేలోపు మీ లెక్క కంప్యూటరుకు చేరిపోతుంది.

ఇందులో ఒక ఒప్పందం ఉంది. పంపేవారు ఏ వేగంతో పంపుతారో, అందుకునేవారు అదే వేగంతో వినాలి. ఒకరు 9600, మరొకరు 2400 అని పెట్టుకుంటే కంప్యూటరు తెరమీద పిచ్చి అక్షరాలు వస్తాయి. కొత్తగా బిగించిన చోట కార్యదర్శులు ఎక్కువగా భయపడేది దీనికే. నిజానికి ఇది భయపడవలసిన తప్పు కాదు. పిచ్చి అక్షరాలు వస్తే ఎవరైనా గుర్తుపడతారు, పని ఆపుతారు, సరిచేస్తారు. తీగ తెగినా అంతే, ఏమీ రాదు, వెంటనే తెలుస్తుంది.

భయపడవలసింది చూడటానికి సరైన అంకెలాగే ఉండే తప్పుకు.

నిజంలాగే కనిపించే తప్పులు

మొదటిది: 6 కు సంకేతం 54 అన్నాను, 7 కు 55. ఈ రెండింటికీ ఎనిమిది గుర్తులలో తేడా ఒక్కటే గుర్తు. పాల శీతలీకరణ యంత్రం మోటారు ఆడటం మొదలైనప్పుడు, పక్కనే పోతున్న తీగలో ఒక గుర్తు తారుమారైతే 6 కాస్తా 7 అవుతుంది. అది ఎవరికీ అనుమానం రాని అంకె. దీనికి మందు ఉంది. ప్రతి అక్షరానికి సరి బేసి చూసుకునే అదనపు గుర్తు పెట్టవచ్చు. లేదా వాక్యం చివర అన్ని సంకేతాల మొత్తాన్ని కూడి పంపవచ్చు. అందుకున్న కంప్యూటరు తానూ కూడి చూసుకుంటుంది. కలవకపోతే 'మళ్లీ పంపు' అంటుంది. పాతకాలపు గుమస్తాలు పేజీ చివర మొత్తం వేసి సరిచూసుకునే పద్ధతే ఇది. మీ కేంద్రంలోని పరికరానికి ఈ సౌకర్యం ఉంటే దాన్ని పని చేయించాలి. చాలాచోట్ల ఉండీ వాడరు.

రెండోది: కాటా ఒక్కసారి చెప్పి ఊరుకోదు. సెకనుకు చాలాసార్లు 012.45, 012.45 అని చెబుతూనే ఉంటుంది. కంప్యూటరు ఆ మాట మధ్యలో వినడం మొదలుపెడితే ముందున్న అంకెలు పోయి 2.45 అని వినిపించవచ్చు. పన్నెండు కిలోలు రెండు కిలోలైపోతాయి. అందుకని వాక్యం మొదలు ఎక్కడో, చివర ఎక్కడో గుర్తు చూసి, పూర్తి వాక్యాన్నే తీసుకోవాలి. అలాగే పాలు పోయగానే బిందెలో అల ఆడుతుంటుంది, బరువు పైకీ కిందికీ పోతుంటుంది. నిలకడకు వచ్చిందని కాటా ఒక గుర్తు పంపుతుంది. ఆ గుర్తు వచ్చాకే బరువు తీసుకోవాలి.

మూడోది: కిలోలు, లీటర్లు. కాటా తూచేది కిలోలలో. రేటు లీటరుకు అయితే మార్చుకోవాలి. పది లీటర్ల పాలు సుమారు 10.3 కిలోలు తూగుతాయి. ఈ మార్పు కాటాలో ఒకసారి, కంప్యూటరులో మరొకసారి, రెండుసార్లు జరిగితే నూటికి మూడు లీటర్ల చొప్పున సభ్యునికి నష్టం. అసలు జరగకపోతే అంతే మోతాదులో సంఘానికి నష్టం. రెండు పరికరాలలో దేనిలో మార్పు జరుగుతోందో కార్యదర్శికి తెలిసి ఉండాలి.

నాలుగోదాన్ని నేను స్వయంగా చూశాను. అది చెబుతాను.

ఒక అక్క చేసిన ఫిర్యాదు

కొన్నేళ్ల కిందట ఒక కేంద్రంనుంచి పిలుపు వచ్చింది. ఊరి పేరు ఎందుకులెండి. 'ఒకామె రోజూ గొడవ చేస్తోంది, మీరొచ్చి యంత్రం బాగానే ఉందని చెప్పిపోండి' అన్నారు. నేను వెళ్లేసరికి సాయంకాలం వరుస నిలబడి ఉంది. ఆ అక్క చీటీల కట్ట పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

'అన్నా, నాది ఆవు పాలు. నాకు ఆరూ ముప్పావు ఎట్లొస్తుందన్నా?' అంది.

నేను విన్నది సరిగానే విన్నానా అనుకున్నాను. అప్పటిదాకా నాకు వచ్చిన ఫిర్యాదులన్నీ తక్కువ వచ్చిందనే. ఎక్కువ వచ్చిందని ఫిర్యాదు చేసిన మనిషిని నేను చూడలేదు.

'వస్తే మంచిదే గదమ్మా, కంప్యూటరు తప్పు చెప్పదు' అన్నాడు కేంద్రం చూసే అబ్బాయి.

'నాకు ఎక్కువొస్తే ఇంకొకరికి తక్కువ పోయినట్టే గదా నాయనా' అంది ఆమె.

ఆమె చీటీలు చూశాను. పొద్దున చీటీలన్నీ నాలుగూ, నాలుగుంబావు. సాయంకాలం చీటీలు కొన్ని రోజులు నాలుగు, కొన్ని రోజులు ఆరుకు పైన. పరికరం తీసి చూశాను. అది బాగానే ఉంది. తీగ బాగానే ఉంది. కంప్యూటరూ బాగానే ఉంది. అప్పుడు పరికరం జ్ఞాపకంలో ఉన్న ఫలితాల వరుసను, కంప్యూటరులోని వరుసను పక్కపక్కన పెట్టి చూశాను. అంకెలన్నీ అవే. కాని ఒక్కొక్కటి ఒక్క మనిషి కిందికి జారి ఉన్నాయి. ఆమె ముందు నిలబడిన వ్యక్తి ఎనుము పాలు పోస్తాడు. ఆయన వెన్న ఈమెకు పడింది. ఈమె ఆవు పాల వెన్న, వెనుక నిలబడిన పెద్దాయన ఎనుము పాలకు పడింది.

ఎట్లా జరిగిందంటే, ఆ పరికరం ఒక శాంపిలును పరీక్షించడానికి దాదాపు ముప్పావు నిమిషం తీసుకుంటుంది. అయిన తర్వాత ఫలితాన్ని తీగమీద పంపుతుంది. వచ్చిన ఫలితం కంప్యూటరులో ఒక చిన్న అరలాంటి చోట కూర్చొని, ఎవరైనా తీసుకునేదాకా ఎదురుచూస్తుంది. సాయంకాలం జనం ఎక్కువ. అబ్బాయి తొందరలో, ఫలితం రాకముందే మీట నొక్కాడు. కంప్యూటరు అరలో ఉన్న పాత ఫలితాన్ని తీసుకుంది. ఆ తర్వాత కొత్త ఫలితం వచ్చి అరలో కూర్చుంది. అది తరువాతి మనిషికి పోయింది. ఒకసారి ఒక అడుగు తప్పితే, ఆ పూట చివరిదాకా అందరి లెక్కా ఒక అడుగు తప్పినట్లే.

వెనుక నిలబడిన పెద్దాయనను అడిగాను, మీరెందుకు చెప్పలేదని. 'ఎనుము ముసలిదైపోయింది, వెన్న పడిపోయిందనుకొన్నా నాయనా. చెనక్కాయ చెక్క తెచ్చి ఎక్కువ పెడతా ఉండా' అన్నాడు. యంత్రం చెప్పింది కదా అని ఆయన తన పశువును అనుమానించాడే గాని, యంత్రాన్ని అనుమానించలేదు. ఆ చెక్క డబ్బు ఎవరు తెచ్చిస్తారు?

తర్వాత ప్రోగ్రాము రాసినవారితో మాట్లాడి మార్పు చేయించాము. కొత్త శాంపిలు పెట్టగానే ఆ అర ఖాళీ చేయాలి. ఆ తర్వాత వచ్చిన ఫలితాన్నే తీసుకోవాలి. ఫలితంతోపాటు పరికరం పంపే వరుస సంఖ్యను కూడా చూసుకోవాలి. పని చిన్నదే. పరికరం జ్ఞాపకంలో మిగిలి ఉన్న పూటలవరకు సంఘంవారు లెక్క సరిచేసి, తరువాతి బిల్లులో ఇచ్చారు. ఆ అక్క తనకు అదనంగా వచ్చింది పట్టుకోమని తానే చెప్పింది. అంతకుముందు రోజుల లెక్క పరికరంలో చెరిగిపోయింది. అది ఎవరికీ తిరిగి రాలేదు.

తీగకు తెలియని సంగతి

ఈ కథలో తీగ తప్పు చేయలేదు. ఇచ్చింది ఇచ్చినట్లు చేర్చింది. తీగ నమ్మకమైన కూలివాడు. మూటలో ఏముందో వాడు చూడడు. పరికరం 6.5 అంటే 6.5, 6.0 అంటే 6.0. పరికరమే తప్పు చెబితే, ఆ తప్పును కూడా అంతే నమ్మకంగా చేరుస్తుంది. పైగా అచ్చయిన చీటీమీద రావడంతో ఆ తప్పుకు గౌరవం కూడా వస్తుంది. చేతిరాత తప్పును మనం ప్రశ్నించేవాళ్లం. అచ్చు తప్పును ప్రశ్నించడం మానేశాము.

ఇప్పుడు చాలా కేంద్రాలలో ఉన్న పరికరాలు పాలలోంచి మన చెవికి వినపడని ధ్వని తరంగాలను పంపి, వాటి వేగాన్నిబట్టి వెన్నను, వెన్న కాని ఘనపదార్థాలను లెక్కగడతాయి. ఆమ్లం అక్కరలేదు, మందునీళ్లు అక్కరలేదు. మంచిదే. కాని పాలలో గాలి బుడగలు ఉన్నా, పాలు పులుపెక్కినా, లోపలి గొట్టంలో పాలగార పేరుకున్నా ఫలితం మారుతుంది. ఆవు పాలకు ఒక అమరిక, ఎనుము పాలకు ఒక అమరిక ఉంటాయి. ఎనుము పాలను ఆవు అమరికలో పరీక్షిస్తే అంకె వస్తుంది, కాని అది సరైన అంకె కాదు. వీటిలో ఏ ఒక్కటీ తీగకు తెలియదు, కంప్యూటరుకు తెలియదు. కాబట్టి పరికరాన్ని నమ్మకానికి తెచ్చే బాధ్యత మనుషులదే. దానికి సాక్షి ఆ పాత గెర్బర్ గొట్టమే. తీగ వచ్చిందని బ్యుటిరోమీటరును అటకమీద పడేసిన కేంద్రాలు నేను చూశాను. అది తగదు.

ఇందులో ఎంత డబ్బు ఉందో లెక్క వేద్దాం. కిలో వెన్నకు 700 రూపాయలు అనుకుందాం. ఇది లెక్కకోసం అనుకున్న రేటే. ఒక సభ్యురాలు పూటకు 5 కిలోల పాలు పోస్తుంది. వెన్న 6.5 శాతమైతే 325 గ్రాములు. పరికరం 6.0 అని చెబితే 300 గ్రాములు. తేడా 25 గ్రాములు, పదిహేడున్నర రూపాయలు. రెండు పూటలకు 35. నెలకు 1050 రూపాయలు. అర శాతం తేడా కంటికి ఆనదు. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో పిల్ల బస్సు చార్జీలు, పుస్తకాలు అందులోనే పోతాయి.

కార్యదర్శులకు నాలుగు మాటలు

పదిహేను రోజులకొకసారైనా నాలుగైదు శాంపిళ్లను పరికరంలోనూ, గెర్బర్ పద్ధతిలోనూ పరీక్షించి, రెండు అంకెలనూ పక్కపక్కన ఒక పుస్తకంలో రాయండి. తేడా కనిపిస్తే పరికరాన్ని సరిచేయించండి. ఆ పుస్తకం సభ్యులు అడిగితే చూపండి. పరికరాన్ని ప్రతి పూటా కడగండి. తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా వేయించాలి. ఆ తేదీ చూసుకోండి.

ఆర్.ఎస్. 232 తీగ సుమారు 15 మీటర్లకు మించకూడదు. కాటా వసారాలో, కంప్యూటరు లోపలి గదిలో ఉంటే, మోటారు తీగల పక్కనుంచి కాకుండా వేరే గోడమీదుగా లాగండి. అంతకంటే దూరమైతే ఆర్.ఎస్. 485 అనే మరో పద్ధతి ఉంది. అది 1200 మీటర్లదాకా పోతుంది. ఇప్పటి కంప్యూటర్లకు తొమ్మిది సూదుల పాత పోర్టు ఉండటం లేదు. యు.ఎస్.బి.కి మార్చే చిన్న పరికరం పెడతారు. దాన్ని ఒకచోటనుంచి తీసి మరొకచోట గుచ్చితే పోర్టు సంఖ్య మారిపోయి, కాటా పలకడం మానేస్తుంది. దానికి భయపడి మెకానిక్కును పిలవనక్కరలేదు. ఏ రంధ్రంలోంచి తీశారో అందులోనే పెట్టండి. అందుకే మొదటిరోజే రంధ్రం పక్కన రంగుతో గుర్తు పెట్టుకోండి.

మన సత్యవేడు ప్రాంతానికి ముఖ్యమైన మాట మరొకటి ఉంది. అక్టోబరు మొదలు డిసెంబరుదాకా ఈశాన్య రుతుపవనాలు, తుపానులు మనమీదనే వస్తాయి. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు అందరూ కరెంటు ప్లగ్గు తీస్తారు, ఈ తీగను మరిచిపోతారు. పిడుగు దూరాన పడినా ఈ తీగలో క్షణకాలం వచ్చే విద్యుత్తు చాలు, రెండు వైపులా పరికరాలు పోవడానికి. వాన ముసురుకుంటే, పరీక్ష పని లేనప్పుడు, తీగను కూడా ఊడదీయండి. నేల తీగ సరిగా ఉందో లేదో వానలకు ముందే చూపించుకోండి.

సభ్యులకు నాలుగు మాటలు

పాలు పోయకముందు కాటామీద సున్నా ఉందో లేదో చూడండి. పోశాక కాటా చూపిన బరువు, పరికరం చూపిన వెన్న మీ కంటితో చదవండి. తర్వాత చీటీమీద అవే ఉన్నాయో లేదో చూడండి. మూడూ ఒకటైతే తీగ తన పని చేసింది. తేడా ఉంటే అక్కడే, అప్పుడే అడగండి. మన ఎల్లలో తెలుగు చదివేవారూ ఉన్నారు, తమిళం చదివేవారూ ఉన్నారు, అసలు చదువు రానివారూ ఉన్నారు. చీటీమీద అంకెలు మాత్రం అందరికీ ఒకటే. నాలుగు అంకెలు గుర్తుపట్టడం వస్తే చాలు.

అనుమానం వస్తే అదే పాలను రెండోసారి పరీక్షించమని అడగండి. బాగా కలిపిన ఒకే పాలకు రెండుసార్లకూ దాదాపు ఒకే అంకె రావాలి.

తీగ పనిచేయనప్పుడు అంకెను చేత్తో కొట్టడానికి కంప్యూటరులో దారి ఉంటుంది. అది ఉండవలసిందే, లేకపోతే ఆ పూట పాలు వెనక్కి పోతాయి. కాని చేత్తో కొట్టిన అంకె పక్కన చీటీమీద ఒక చుక్కగుర్తు పడేటట్లు చేయించండి. నెలకు ఎన్ని గుర్తులు పడ్డాయో పాలకవర్గ సమావేశంలో చూడండి. గుర్తులు ఎక్కువైతే తీగ పాడైనట్లు, లేదా పాడుచేసినట్లు. రెండింటిలో ఏదైనా తెలుసుకోవలసినదే.

కొత్త పరికరం కొనేటప్పుడు సంఘం వారు ధర ఒక్కటే అడుగుతారు. ఈ నాలుగు కూడా అడగండి: పాత ఫలితాలు ఎన్ని రోజులు పరికరంలో నిలుస్తాయి? ఫలితంతోపాటు వరుస సంఖ్య పంపుతుందా? తప్పును పట్టే మొత్తం గుర్తు ఉందా? తీగమీద అది ఏ క్రమంలో ఏం పంపుతుందో కాగితంమీద రాసి ఇస్తారా? ఈ కాగితం చాలా ముఖ్యం. అది లేకపోతే రేపు ప్రోగ్రాము మార్చాలన్నా, వేరేవారి కంప్యూటరు పెట్టాలన్నా, అమ్మినవారి గుమ్మం ముందు నిలబడవలసిందే.

ముగింపు

మన ప్రాంతంవారికి సహకార డెయిరీ విలువ తెలుసు, అది పోతే ఏమవుతుందో కూడా తెలుసు. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడిన రోజులు ఇక్కడున్న పెద్దలకు గుర్తే. ఆ కారణాలలోకి నేను పోను. ఒక్కటి మాత్రం చెబుతాను. సంఘం నిలబడేది యంత్రాలమీద కాదు, చీటీలో ఉన్న అంకెను సభ్యుడు నమ్మడంమీద. ఆ నమ్మకం కళ్లు మూసుకొని పెట్టుకొనేది కాకూడదు. చూసి, సరిచూసి పెట్టుకొనేది కావాలి.

తీగ వచ్చి మన రిజిస్టరు పని తగ్గించింది, మధ్యలో చేతులను తగ్గించింది. అది పెద్ద మేలు, దాన్ని కాదనను. కాని అది మీ కళ్ల పనిని తగ్గించలేదు. ఆ అక్క తన చీటీలను దాచిపెట్టుకోకపోయి ఉంటే, ఎక్కువ వచ్చింది గదా అని ఊరుకొని ఉంటే, ఆ కేంద్రంలో ఈరోజుకీ ఒకరి వెన్న మరొకరి ఖాతాలో పడుతూనే ఉండేది. చీటీ ఇంటికి తీసుకుపోండి, చదవండి, పది రోజుల బిల్లు వచ్చేదాకా దాచండి. తక్కువ వచ్చినా అడగండి, ఎక్కువ వచ్చినా అడగండి.

 సాయంకాలం పాల వేళ దగ్గరపడింది. ఇక సెలవు తీసుకుంటాను.